నిలిపిన బంతి

పన్నెండుగురు పిల్లలు. అందరికీ అయిదేండ్లో ఆరేండ్లో. ఒక్కొక్కరి చేతికి వారి ముఖమంత తోలు గ్లౌజు. మార్చి నెలాఖరున ఒక శనివారం ఉదయం, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణపు మైదానంలో, చలిగాలి చెవులు కొరుకుతుండగా, ఆ పన్నెండుగురూ నా ముఖంలోకి చూస్తూ నిలుచున్నారు. నేను వారికి బేస్‌బాల్ నేర్పవలసి ఉన్నది. ఆ ఆట అంతకు మున్ను నేను ఆడి ఎరుగను.

ఇది ఎట్లు సంభవించినదో మనవి చేస్తాను. మా అమ్మాయిని ఆటలో చేర్పించేటప్పుడు నింపిన కాగితంలో, 'మీరు ఏమైనా సహాయం చేయగలరా?' అని ఒక ప్రశ్న ఉన్నది. మర్యాదకు 'చేయగలను' అని గీత గీశాను. పది దినములు గడిచిన పిమ్మట ఒక ఆమె ఫోను చేసి, మా అమ్మాయి జట్టుకు శిక్షకుడు దొరకలేదనీ, ఎవరూ ముందుకు రాకపోతే జట్టును ఎత్తివేసి పిల్లలను వచ్చే సంవత్సరం రమ్మని చెప్పవలసి వస్తుందనీ అన్నది. నాకు క్రికెట్టు తప్ప తెలియదన్నాను. "అందులోనూ బ్యాటూ బంతీ ఉన్నవి గదా!" అని ఆమె సమాధానం. ఆ దేశంలో చిన్నపిల్లల జట్లకు శిక్షకులు సామాన్యంగా జీతం పుచ్చుకోని తల్లిదండ్రులే. పగలు లెక్కలు వ్రాసుకొనేవాడు, లారీ తోలేవాడు, నర్సుగా పనిచేసే తల్లి, సాయంకాలం ఈల మెడలో వేసుకొని మైదానానికి వస్తారు. పిల్లల మధ్యకు పోవడానికి ముందు మన పూర్వచరిత్ర మీద విచారణ జరుగుతుంది, అందులో నెగ్గాలి. ఆట వచ్చునా అని మాత్రం ఎవరూ పరీక్షించరు.

ఈ పసివాళ్ళు ఆడే ఆటను టీబాల్ అంటారు. ఈ పేరు చెప్పినప్పుడు ఊరినుంచి మా అమ్మ, "ఆటకు ముందు తాగుతారా, తరువాతనా?" అని అడిగినది. ఇక్కడ టీ అనగా తేనీరు గాదు. పిల్లవాని నడుమెత్తున నిలిచే ఒక రబ్బరు గొట్టం. దాని నెత్తిన బంతిని పెడతారు. పెద్దల బేస్‌బాల్‌లో ఒకడు విసరిన బంతిని మరొకడు కొట్టాలి. అయిదేండ్ల పిల్లవాడు తనవైపు దూసుకువచ్చే బంతిని కన్నుతో పట్టి, దాని వేగం అంచనా కట్టి, సరిగా ఆ క్షణంలో బ్యాటు ఊపలేడు. కాబట్టి బంతిని కదలకుండా నిలిపి, ముందు కొట్టడం అలవాటు చేస్తారు. ఉపాధ్యాయులైన పాఠకులకు ఇది కొత్త సంగతి కాబోదు. పలక మీద పెద్ద అక్షరం వ్రాసి ఇచ్చి, దాని మీదనే బలపం త్రిప్పించి ఓనమాలు దిద్దించడం మన వీథి బడులు ఏనాడో చేసిన పని. టీ మీది బంతి ఆ దిద్దుడు అక్షరం వంటిది.

అయితే నా చిక్కు వేరు. నాకు తెలిసిన ఆట నాకు అడ్డుపడినది. క్రికెట్టులో బంతిని కొట్టినవాడు ఇష్టమైతేనే పరుగెత్తుతాడు. ఇక్కడ బంతి హద్దుగీతల నడుమ పడినదంటే పరుగెత్తి తీరాలి. అక్కడ వికెట్టు చుట్టూ ఎటు కొట్టినా చెల్లుతుంది. ఇక్కడ రెండు గీతల నడుమ లంబకోణమంత మేర మాత్రమే ఆటస్థలం. నేను చిన్ననాడు ఎంతో మురిసి ఆడిన 'లేట్ కట్' ఇక్కడ ఫౌల్. అక్కడ ఫీల్డరు ఉత్త చేతులతో బంతి పట్టితే ఘనత. ఇక్కడ గ్లౌజు లేకపోతే మైదానంలో అడుగు పెట్టనీయరు. అన్నిటికంటె ముఖ్యమైన భేదం, క్రికెట్టులో బ్యాటు చేతబట్టుకొని పరుగెత్తుతాము, ఇక్కడ దానిని క్రింద వదలి పరుగెత్తాలి. మొదటి దినం నేను స్వయంగా బంతిని కొట్టి, పరుగు ఎట్లు తీయాలో చూపించాను. అలవాటు కొద్దీ బ్యాటు నా చేతిలోనే ఉండిపోయినది. తరువాత పన్నెండుగురూ కొట్టారు. పన్నెండుగురూ బ్యాటు భుజాన వేసుకొని పరుగెత్తారు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు మూడు వారాలు పట్టినది.

చిన్నపిల్లల కొరకు ఈ ఆటను కుదించినవాని కథ కొంత చెప్పుకోదగినది. బేస్‌బాల్ అమెరికాలో పాత ఆటే. 1846 జూన్ 19న మా పట్టణానికి అనతిదూరంలోని హొబోకెన్‌లో, వ్రాసిపెట్టిన నిబంధనల ప్రకారం ఒక ప్రసిద్ధమైన పందెం జరిగినది. నిబంధనలు వ్రాసుకొన్న నికర్‌బాకర్ జట్టే ఒకటికి ఇరవైమూడు పరుగుల తేడాతో ఓడిపోయినది. అది పెద్దలమాట. పిల్లలు మాత్రం చాలాకాలం పెద్దల మైదానంలోనే, పెద్దల కొలతలతోనే తంటాలు పడ్డారు. ఒక బేస్‌నుంచి మరొక బేస్‌కు 90 అడుగులు. బంతి విసరే దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పెన్సిల్వేనియాలో విలియమ్స్‌పోర్ట్ అనే పట్టణంలో కార్ల్ స్టాట్స్ అనే గుమాస్తా ఇది గమనించాడు. ఇంటి పిల్లలతోను ఇరుగుపొరుగు పిల్లలతోను ఆడించి చూసి, వారి కాళ్ళకు తగినట్లు బేస్‌ల దూరాన్ని 60 అడుగులకు తగ్గించాడు. పిల్లలకు దుస్తులు, సామాను కొనడానికి వ్యాపార సంస్థల గడపలెక్కి దిగాడు. 1939 జూన్ 6న మూడే మూడు జట్లతో లిటిల్ లీగ్ మొదలైనది. ఆనాటి పందెంలో కట్టెల వ్యాపారుల జట్టు పాలకేంద్రపు జట్టు మీద 23-8 పరుగులతో నెగ్గినది. తరువాత అది దేశదేశాలకు ప్రాకిన మహాసంస్థ అయినది. సంస్థ పెరుగుతూ పెరుగుతూ, 1950ల నడుమ దానిని పుట్టించినవాడే దానితో తగవుపడి వెలుపలికి వచ్చేశాడు. ఊరి పిల్లల ఆట ఊరివారి చేతిలోనే ఉండాలని ఆయన పట్టుదల. నాకు ఆయన మీద గౌరవం కలగడానికి కారణం ఆ పెద్ద సంస్థ గాదు, ఆ అరవై అడుగులు. పిల్లవాని కాలు కొలిచి మైదానం గీసినవాడు ఆయన. మా టీబాల్ పిల్లలకు ఆ దూరం కూడా ఇంకా తగ్గి, 50 అడుగులైనది.

ఇవన్నీ చదువుకొని, కాగితం మీద పటం గీసుకొని, నేను మొదటి దినం మైదానానికి వెళ్ళాను. పిల్లలను అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టి, ఆట నిబంధనలు వివరించడం ప్రారంభించాను. నా ఉపన్యాసం బాగానే సాగినదని నా నమ్మకం. అయిదు నిమిషాలకు ఒకడు ఎర్రమట్టిలో గుంట త్రవ్వుతున్నాడు. పది నిమిషాలకు ఇద్దరు గ్లౌజులు నెత్తిన పెట్టుకొని వంటవాళ్ళమన్నారు. ఒక పాప గడ్డిలోని పచ్చపూలు కోసి మాల కడుతున్నది. పదిహేను నిమిషాలకు ఒకడు లేచి, తనకు మూత్రవిసర్జన అవసరమని బిగ్గరగా ప్రకటించాడు. వెంటనే మరి నలుగురికి ఆ అవసరం కలిగినది. మిగిలిన కాలంలో అందరినీ ఒక వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరిచేత బంతిని కొట్టించాను. ఒకడు కొట్టుతుంటే పదకొండుమంది ఎదురుచూడాలి. ఎదురుచూసే అయిదేండ్ల పిల్లవాని చేతిలో అల్యూమినియం బ్యాటు ఎంత అపాయకరమో ఆనాడు తెలిసినది.

ఇంటికి పోయేటప్పుడు కారులో వెనుకనుంచి మా అమ్మాయి, "నాన్నా, నువ్వు చాలాసేపు మాట్లాడావు" అన్నది. కొంచెం ఆగి, "మేము ఎప్పుడు ఆడతాము?" అన్నది.

ఆ రాత్రి మా ఊరి ఉన్నత పాఠశాల డ్రిల్లు మాస్టారు జ్ఞాపకం వచ్చారు. ఆయన బాల్ బాడ్మింటన్ నేర్పేటప్పుడు ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడి ఎరుగరు. "మోచెయ్యి" అనేవారు. "కాలు" అనేవారు. ఆ మాటతో మోచెయ్యి దానంతట అదే లేచేది. రెండవ వారం నేను కూడా మాటలు తగ్గించాను. ముగ్గురు తల్లిదండ్రులను బ్రతిమాలి మైదానంలోకి దింపి, నాలుగు చోట్ల నాలుగు పనులు పెట్టాము. ఒకచోట టీ మీది బంతిని కొట్టడం, ఒకచోట నేల మీద దొర్లే బంతిని ఆపడం, ఒకచోట విసరడం, ఒకచోట పరుగు. ముగ్గురేసి పిల్లలు, ఎనిమిది నిమిషాలకు ఒకసారి ఈల, చోటు మార్పు. వరుసలో నిలబడి ఎదురుచూడడం పోయినది. దానితో అల్లరి కూడా సగం పోయినది. అల్లరి పిల్లల గుణమని నేను అనుకొన్నాను. అందులో అధికభాగం నేను పెట్టిన వరుస గుణమే.

ఆ దేశపు శిక్షకులు వాడే పలుకుబళ్ళు కొన్ని నేర్చుకొన్నాను. దొర్లి వచ్చే బంతిని పట్టేటప్పుడు గ్లౌజు నేలకు ఆనాలి, రెండవ చెయ్యి దాని మీదినుంచి మూయాలి. దీనిని 'మొసలి నోరు' అంటారు. మొసలి అనగానే నాకు గజేంద్రుని కాలు పట్టినదే స్ఫురించినది. పిల్లలకు మాత్రం మొసలి అంటే పరమానందం. అందరూ నోళ్ళు తెరచి మూస్తూ మైదానమంతా తిరిగారు, బంతులు వారి కాళ్ళ నడుమనుంచి హాయిగా దొర్లిపోయినవి. బ్యాటు ఊపేటప్పుడు వెనుకకాలి మునివేళ్ళను నేల మీద త్రిప్పడానికి 'పురుగును నలుపు' అని చెప్పాలి. పూలమాల కట్టిన పాప, "పురుగు ఏం చేసింది?" అని అడిగినది. ఆమె మట్టుకు నిప్పురవ్వను ఆర్పింది. విసరడంలో ముఖ్యమైన సంగతి ఒకటే. కుడిచేతితో విసరేవాడు ఎడమభుజం లక్ష్యం వైపు త్రిప్పి, ఎడమ అడుగు ముందుకు వేయాలి. చెప్పడం తేలిక. పిల్లవాడు సహజంగా ఏ చేతితో విసరుతాడో ఆ కాలే ముందుకు వేస్తాడు. నేల మీద సుద్దతో అడుగు బొమ్మలు గీసి, వాటి మీద నిలబెట్టి విసరించాము. కొందరికి గ్లౌజు ఏ చేతికి తొడుగాలో తెలియడమే ఒక పాఠం. విసరే చేతికి గాదు, రెండవదానికి. కొత్త గ్లౌజు తోలు బిరుసుగా ఉంటుంది; చిన్న వ్రేళ్ళకు వంగదు. దానికి నూనె రాసి, లోపల బంతి పెట్టి, త్రాటితో కట్టి రాత్రంతా ఉంచితే దారికి వస్తుంది. ఇది ఒక తండ్రి చెప్పినదే. శిక్షకునికంటె అతనికే ఎక్కువ తెలుసునని అందరికీ తెలుసు.

జట్టులో ముగ్గురు ఆడపిల్లలు. అందరిలోను దూరంగా విసరగలిగినది వారిలో ఒకతె. ఈ సంగతి ఇప్పుడు ఎవరికీ వింతగా తోచదు. కాని 1972లో, ఇదివరకు చెప్పిన హొబోకెన్‌లోనే, మరియా పెపే అనే బాలిక లిటిల్ లీగ్ జట్టులో మూడు పందెములు ఆడేసరికి, ఆడపిల్లను ఆడనిస్తే ఊరి గుర్తింపే రద్దుచేస్తామని కేంద్రసంస్థ హెచ్చరించినది. ఆమె తప్పుకోవలసి వచ్చినది. స్త్రీల హక్కుల సంఘం వ్యాజ్యం వేసినది. 1973లో న్యూజెర్సీ పౌరహక్కుల విచారణాధికారిణి సిల్వియా ప్రెస్లర్ బాలికల పక్షాన తీర్పు చెప్పినది. 1974లో నియమం మారినది. అప్పటికి మరియాకు ఆడే వయస్సు దాటిపోయినది. మా జట్టులోని ఆడపిల్లలు బంతి విసరుతున్నప్పుడు అప్పుడప్పుడు ఆమె నాకు జ్ఞాపకం వచ్చేది.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి.

నాలుగవ వారం. గాలిలో వచ్చే బంతిని పట్టడం నేర్పుతున్నాను. దీనికి క్రమం ఉన్నది. ముందు దొర్లించాలి, తరువాత దగ్గరనుంచి, చేతి క్రిందుగా, మెల్లగా వేయాలి, నడుముకు పైన వచ్చే బంతికి వ్రేళ్ళు పైకి, క్రింద వచ్చేదానికి వ్రేళ్ళు క్రిందికి అని చేతికి అలవాటు కావాలి, ఎత్తునుంచి దిగే బంతి చాలా తరువాతి మాట. ఈ క్రమం నా జేబులోని కాగితం మీదనే ఉన్నది. కాని ఆనాడు దూరంగా విసరే ఆ పాప రెండు ఎత్తు బంతులను చక్కగా పట్టినది. కుర్చీలలో కూర్చున్న పెద్దలు చప్పట్లు కొట్టారు. నాకు ఉత్సాహం కలిగినది. ఆ ఉత్సాహంలో ప్రక్కనున్న పిల్లవాని వైపు తిరిగి, మరొక బంతి ఎత్తుగా వేశాను. వాడు జట్టులోకెల్లా చిన్నవాడు, మితభాషి. బంతి మెత్తని రకమే. మామూలు బేస్‌బాల్ అయిదు ఔన్సులకు పైబడి బరువుండి, క్రికెట్టు బంతికి కొంచెమే తక్కువగా ఉంటుంది. ఇది దానివలె గట్టిది గాదు. అయినా అది వాని గ్లౌజు అంచుకు తగిలి పెదవి మీద పడినది. పెదవి చిట్లినది. కదులుతున్న పాలపన్ను ఒకటి ఊడి మట్టిలో పడినది.

వాడు పెద్దగా ఏడవలేదు. నోటినిండా రక్తంతో నావైపు చూసి, "నేను సిద్ధంగా లేను" అన్నాడు.

తరువాతి శనివారం వాడు రాలేదు. వానిని రోజూ తీసుకొనివచ్చేది వాని తాతగారు. తపాలా బట్వాడా చేసి పదవీ విరమణ పొందిన మనిషి, ఆకుపచ్చని మడతకుర్చీలో ఒక్కడూ కూర్చొనేవాడు. నేను వారింటికి వెళ్ళాను. వాకిట్లోనే ఆయనకు క్షమాపణ చెప్పబోతే, "నాతో ఎందుకు? దెబ్బ తిన్నది నేను గాదు గదా!" అని లోపలికి తీసుకువెళ్ళాడు. నేను పెరిగిన బడిలో ఉపాధ్యాయుడు విద్యార్థిని క్షమించమనడం కని విని ఎరుగను. మా డ్రిల్లు మాస్టారు అట్టి మంచివారు సయితం, ఒకనాడు పొరపాటున ఒకనిని కొట్టి, మరునాడు వానికి జామపండు తెచ్చి ఇచ్చారే గాని నోరు విప్పలేదు. నేను నేల మీద కూర్చొని ఆ పిల్లవానితో, తప్పు నాదేననీ, వాడు సిద్ధమా అని అడగకుండా బంతి వేశాననీ చెప్పాను. వాడు ఆలోచించాడు. "ఇంకెప్పుడూ వేయరు గదా?" అన్నాడు. "నీవు అడిగేవరకు వేయను" అన్నాను.

వాడు వచ్చాడు. కాని గ్లౌజు తేలేదు. బంతి పట్టే చోటికి వచ్చేవాడు గాదు. ఏ పని ఇవ్వాలో తోచక, టీ మీద బంతి పెట్టే పని అప్పగించాను. ఆ పనిని వాడు ఎంత శ్రద్ధగా చేశాడో చెప్పలేను. ఒక్కొక్కరి ఎత్తు చూసి గొట్టం పైకో క్రిందికో సర్దేవాడు. బంతి మీది ఎర్రకుట్లు కొట్టేవాని వైపు తిరిగి ఉండేటట్లు పెట్టేవాడు. మూడడుగులు వెనుకకు నడచి, 'సరే' అన్నట్లు తల ఊపేవాడు. అప్పుడే బ్యాటు కదలాలి. ఈ తల ఊపడం నేను నేర్పలేదు. ఒకసారి మా అమ్మాయి వాడు తల ఊపకముందే బ్యాటు ఎత్తితే, జట్టంతా కేకవేసి ఆపినది. ఆ తరువాత బ్యాట్ల వల్ల నాకు భయం లేకపోయినది.

పందెములను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ వయస్సులో పరుగులు లెక్కపెట్టరు. అందరూ కొట్టుతారు, చివరివాడు కొట్టగానే బేస్‌ల మీది వారందరూ ఇల్లు చేరతారు. ఒకడు మొదటి బేస్‌కు బదులు మూడవదానికి పరుగెత్తాడు. ఒక బంతి మీద ఏడుగురు పడి, అది ఎవరి చేతిలో ఉన్నదో ఎవరికీ తెలియలేదు. పెద్దలు మాత్రం మనస్సులో లెక్కపెట్టుకొంటూనే ఉంటారు, నేనూ పెట్టుకొన్నాను. మా అమ్మాయి మైదానంలో నన్ను అందరివలె 'కోచ్' అనేది. ఇతరుల పిల్లలు తప్పుచేస్తే నవ్వినవాడను ఆమె తప్పుచేస్తే గద్దించాననీ, అది ఆమెకు తెలిసిందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసినది. ఆ సంగతి మేమిద్దరం తీరుబడిగా మాట్లాడుకొన్నాము; ఇక్కడ వ్రాయను.

మన పాఠశాలల క్రీడలలో కూడా బేస్‌బాల్‌కు చెల్లెలైన సాఫ్ట్‌బాల్ ఉన్నది. ఆ ఆట నేర్పే మిత్రులెవరైనా ఇది చదివితే ఒక్క మాట. సామాను లేదని వెనుదీయనక్కరలేదు. సైకిలు ట్యూబు ముక్కను వెదురు గుంజకు తొడిగితే టీ అవుతుంది. పాతగుడ్డ బంతి చాలు. బిళ్ళంగోడు ఆడిన చెయ్యి బ్యాటును త్వరగానే పోల్చుకొంటుంది.

జూన్ రెండవ వారంలో చివరి ఆట అయినది. పిల్లలు నారింజ తొనలు తిని, తలా ఒక పతకం మెడలో వేసుకొని వెళ్ళిపోయారు. నేను బంతులు సంచిలో వేస్తున్నాను. మా అమ్మాయి బేస్‌లు ఏరుతున్నది. ఆకుపచ్చ కుర్చీ మడిచి చంకన పెట్టుకొని తాతగారు నిలుచున్నాడు. పిల్లవాడు నా దగ్గరకు వచ్చాడు. చేతికి గ్లౌజు ఉన్నది. ఎప్పుడు తొడిగాడో చూడలేదు. పన్ను ఊడినచోట కొత్తపన్ను తెల్లని అంచు కనబడుతున్నది. పది అడుగుల దూరం కొలుచుకొన్నట్లు వెనుకకు నడచి, నిలబడి, గ్లౌజు వ్రేళ్ళు క్రిందికి పెట్టి, "క్రిందనుంచి వేయాలి" అన్నాడు.

"సిద్ధమా?" అని అడిగాను.

వాడు చాలాసేపు ఆలోచించాడు. తరువాత తల ఊపాడు. నేను వేశాను. బంతి గ్లౌజులో పడి, దొర్లి నేల మీద పడినది. వాడు దానిని ఏరి, ఎడమ అడుగు ముందుకు వేసి, నాకు తిరిగి విసరి, "మళ్ళీ" అన్నాడు.

తాతగారు మడిచిన కుర్చీని విప్పి, మళ్ళీ కూర్చున్నాడు.